బేనిషాన్ లోపలి నిశాన్: మామిడిని కోయకుండా చూసే వెలుతురు ఎవరి చేతిలో ఉండాలి?

సాయంత్రం పూట హైదరాబాద్ రోడ్ల మీద ఏ పండ్ల బండి దగ్గర నిలబడినా వినపడే మాటలే ఇవి. "అన్నా, తీపుంటదా?" "చక్కెర అక్కా, గ్యారంటీ. కావాల్నంటే కోసి చూపిస్త." పుచ్చకాయ అయితే బండివాలా కత్తితో మూడు మూలల ముక్క తీసి, ఎర్రగా ఉందో లేదో చూపిస్తాడు. మామిడికి ఆ వీలు లేదు. కోసిన మామిడిని ఎవరూ కొనరు. అందుకే ముచ్చిక దగ్గర వాసన చూస్తారు, బొటనవేలితో నొక్కుతారు. పది మంది నొక్కిన పండు పదకొండో మనిషి దగ్గరికి వచ్చేసరికి మచ్చ పడి ఉంటుంది. ఇంటికి తెచ్చి కోస్తే పైన బంగారం, లోపల పులుపు. ఇది ఒక్క గృహిణి నష్టం కాదు. బండివాలా మాట పోతుంది, రైతు పేరు పోతుంది, మార్కెట్లో తర్వాతి లోడు ధర పడిపోతుంది.

ఈ చిక్కుకు విరుగుడుగా ఇప్పుడు వెలుతురు పేరు వినిపిస్తోంది. పండును కోయకుండా, నొక్కకుండా, దాని మీదికి కంటికి కనపడని కాంతిని పంపి, తిరిగొచ్చిన కాంతిని బట్టి లోపల తీపి ఎంత, కాయ ముదిరిందా లేదా అని చెప్పే మీటర్లు వచ్చాయి. విదేశాల్లో ఇవి కొత్త కాదు. మన దగ్గర ఎగుమతిదారుల ప్యాకింగ్ హౌసుల్లో, పరిశోధన కేంద్రాల్లో మొదలై మెల్లగా మార్కెట్ వైపు నడుస్తున్నాయి. యంత్రం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు తేలిపోయింది. పనిచేస్తుంది. తేలనిది ఇంకొకటి ఉంది. ఆ మీటరు చూపే అంకెను ముందుగా ఎవరు చూస్తారు, దాన్ని బట్టి ఎవరి జేబు నిండుతుంది, ఎవరి జేబుకు కోత పడుతుంది?

వెలుతురు ఏం చదువుతుంది?

మన కన్ను చూసేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే కాంతిని. పండు రంగు, మచ్చ, సైజు ఇదంతా ఈ పరిధిలోదే. కెమెరా పెట్టి రంగును బట్టి వేరు చేసే యంత్రాలు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. కశ్మీర్ నుంచి మన మార్కెట్లకు వచ్చే ఆపిల్ పెట్టెల్లో కొన్ని పుల్వామా జిల్లా లస్సీపొరా శీతల గోదాముల్లో ఇలాంటి లైన్ల మీద దొర్లి వచ్చినవే.

ఆపిల్ రంగు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. మామిడి అలా కాదు. ముఖ్యంగా మన బంగినపల్లి. హైదరాబాద్‌లో దాని పేరే బేనిషాన్, అంటే ఉర్దూలో ఏ గుర్తూ, మచ్చా లేనిది అని అర్థం. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కిన ఈ పండు అందమంతా నున్నటి తొక్కే. కొనేవాడికి ఇబ్బంది తెచ్చేది కూడా ఆ తొక్కే. లోపల సంగతికి బయట నిశాన్ ఉండదు.

ఇక్కడే 700 నుంచి 1,100 నానోమీటర్ల మధ్య ఉండే కాంతి పనికొస్తుంది. దీన్ని నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఇది తొక్క దగ్గర ఆగిపోకుండా గుజ్జులోకి కొన్ని మిల్లీమీటర్లు, ఒక్కోసారి సెంటీమీటరు దాకా వెళ్తుంది. అక్కడ నీరు కొంత కాంతిని మింగేస్తుంది, చక్కెర, పిండి పదార్థం ఇంకొంత మింగేస్తాయి. నీరు ముఖ్యంగా 970 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా మింగుతుంది. మింగగా మిగిలి బయటికొచ్చిన కాంతిని మీటరు పట్టుకుని, ఏ రంగు ఎంత తగ్గిందో లెక్కేసి, పండు లోపలి సంగతి అంచనా కడుతుంది. పండుకు ఏమీ కాదు. వేడి తగలదు, గాటు పడదు. అదే పండును మళ్లీ బుట్టలో పెట్టి అమ్ముకోవచ్చు.

ఒక అపోహ ఇక్కడే తీసేయాలి. అమెరికాకు పంపే మన మామిడికి గామా కిరణాలు పట్టించడం 2007 నుంచి తప్పనిసరి. పండులో పురుగు పునరుత్పత్తి చేయకుండా ఆపడానికి అది. 2025 మే నెలలో ముంబై వైపు నుంచి వెళ్లిన 15 సరుకులను అమెరికా అధికారులు తిప్పికొట్టింది ఆ కిరణాల కాగితాల్లో తేడా ఉందనే. ఈ వెలుతురు అది కాదు. ఇది పండును మార్చదు, చూసి వదిలేస్తుంది. బల్బు కింద పెట్టినంతే.

ఈ విద్యకు మూలం అమెరికా వ్యవసాయ శాఖ బెల్ట్స్‌విల్ ప్రయోగశాలలో 1960ల్లో పనిచేసిన ఇంజినీరు కార్ల్ నారిస్. గింజల్లో తేమ కొలవడానికి ఆయన మొదలుపెట్టాడు. పండ్ల మీదికి పెద్ద ఎత్తున తీసుకెళ్లింది మాత్రం జపాన్. 1980ల చివర్లోనే అక్కడ పీచ్ పండ్లను బెల్టు మీద పోతుండగానే తీపిని బట్టి వేరు చేసే యంత్రాలు పెట్టారు. మన దేశంలోనూ లుధియానాలోని సిఫెట్ శాస్త్రవేత్తలు 2000ల్లోనే మామిడి తీపిని కోయకుండా కొలిచే పద్ధతి మీద పరిశోధన పత్రాలు అచ్చు వేశారు. అంటే శాస్త్రం మన దగ్గర లేక ఆగలేదు. ల్యాబు నుంచి మార్కెట్ దాకా రోడ్డు పడలేదు.

పచ్చి కాయలో తీపి వెతికితే దొరకదు

మామిడి విషయంలో ఒక మెలిక ఉంది. రైతు చెట్టు మీది నుంచి కోసేది పండును కాదు, కాయను. ఆ రోజు అందులో తీపి తక్కువే ఉంటుంది. ఉండేది పిండి పదార్థం. మాగే కొద్దీ అదే చక్కెరగా మారుతుంది. కాబట్టి పచ్చి కాయ రసం పిండి రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేస్తే వచ్చే బ్రిక్స్ అంకె పెద్దగా పనికిరాదు. చూడాల్సింది కాయలో నీరు పోగా మిగిలే పదార్థం ఎంతన్నది. దీన్నే డ్రై మ్యాటర్ అంటారు. ఇది ఎక్కువుంటే రేపు పండు తియ్యగా అవుతుంది. తక్కువుంటే ఎంత మాగబెట్టినా రంగు వస్తుంది గానీ రుచి రాదు.

పాత పద్ధతిలో ఇది తెలియాలంటే కాయను ముక్కలు కోసి ఓవెన్‌లో రోజుల తరబడి ఎండబెట్టి తూకం వేయాలి. తోటలో అనుభవం ఉన్నవాళ్లు వేరే గుర్తులు చూస్తారు. ముచ్చిక పక్కన భుజాలు పైకి లేచాయా, టెంక గట్టిపడిందా, నీళ్లలో వేస్తే మునిగిందా తేలిందా. ముదిరిన కాయ మునుగుతుంది. ఈ లెక్కలు తప్పు కావు. కాకపోతే లారీ లోడు మొత్తాన్ని నీళ్లలో వేసి చూడలేరు కదా.

ఆస్ట్రేలియాలో మామిడి రైతుల సంఘం ఈ డ్రై మ్యాటర్‌నే కోతకు కొలబద్దగా పెట్టుకుంది. అక్కడి కెన్సింగ్టన్ ప్రైడ్ రకానికి కనీసం 15 శాతం. చేతిలో పట్టుకునే మీటరుతో తోటలోనే చెట్టు మీది కాయను చదివి, ఏ బ్లాకు ఎప్పుడు కోయాలో నిర్ణయిస్తారు. అక్కడి పరిశోధకులు నాలుగు సీజన్ల పాటు పది రకాల మామిడి మీద తీసిన సుమారు 11,700 కాంతి చిత్రాలను ఎవరైనా వాడుకునేలా బయట పెట్టారు కూడా. అంత పని ఎందుకంటే మీటరుకు పుట్టుకతో ఏమీ తెలియదు. ఒక్కో రకాన్ని, ఒక్కో సీజన్‌ను, ఎండలో వేడెక్కిన కాయను, చల్లని గదిలోంచి తీసిన కాయను అన్నిటినీ దానికి నేర్పాలి. కెన్సింగ్టన్ ప్రైడ్ మీద నేర్చుకున్న మీటరును తెచ్చి కొల్లాపూర్ బేనిషాన్ మీద పెడితే అది చెప్పేది జ్యోతిషమే అవుతుంది.

ఈ సంగతి మన దగ్గర యంత్రం అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు. లక్షలు పోసి మీటరు కొన్నాక, మన రకాలకు దాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిది? సంగారెడ్డిలో పండ్ల పరిశోధన కేంద్రం ఉంది, నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రం ఉంది. బంగినపల్లి, హిమాయత్, తోతాపురి, చిన్న రసం, పెద్ద రసం ఇలా రకం వారీగా కాయలు చదివి, కోసి, ఎండబెట్టి, లెక్కలు సరిచూసి అందరికీ పనికొచ్చేలా బయట పెట్టడం ఇలాంటి సంస్థలు చేయాల్సిన పని. ప్రైవేటు కంపెనీ చేస్తే ఆ లెక్క దాని పెట్టెలోనే ఉంటుంది.

మార్చి మామిడి కథ

ఇంత లోతుగా డ్రై మ్యాటర్ గురించి ఎందుకంటే, హైదరాబాద్ మామిడి తిప్పలకు మూలం అక్కడే ఉంది. సీజన్ మొదట్లో సరుకు తక్కువ, ధర ఎక్కువ. అందుకని ముదరని కాయను తొందరపడి కోస్తారు. లేత కాయ తనంతట తాను సరిగ్గా మాగదు కాబట్టి కార్బైడ్ పొట్లాలు పెడతారు. తేమ తగిలి అసిటిలిన్ వాయువు పుడుతుంది, తొక్క పసుపు తిరుగుతుంది. ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయని 2011 ఆహార భద్రత నిబంధనల్లోనే దీన్ని నిషేధించారు. 2015లో ఉమ్మడి హైకోర్టు తనంతట తానే ఈ విషయం చేపట్టి రెండు ప్రభుత్వాలనూ నిలదీసింది. ఆ తర్వాత ఇథిలిన్ గ్యాసుతో మాగబెట్టడానికి అనుమతి వచ్చింది, రైపెనింగ్ చాంబర్లు కట్టారు.

అయినా ప్రతి వేసవిలో దాడులు, కార్బైడ్ స్వాధీనం వార్తలు ఆగలేదు. కారణం తేలిక. అధికారులు వెతికేది పొట్లాన్ని. అసలు తప్పు జరిగేది అంతకు వారం ముందు, తోటలో లేత కాయ కోసిన రోజున. ఇథిలిన్ చాంబర్‌లో పెట్టినా లేత కాయ పుల్లగానే ఉంటుంది. చట్టప్రకారం సక్రమమైన పులుపు, అంతే తేడా.

మార్కెట్ గేటు దగ్గర డ్రై మ్యాటర్ మీటరు ఉంటే ఆ లోడు సంగతి నిమిషాల్లో బయటపడుతుంది. లోడుకు యాభై కాయలు అక్కడక్కడా తీసి చదివినా చాలు. ఇంత కన్నా తక్కువ ఉంటే వేలానికి రాదు అని ఒక గీత గీస్తే, తొందరపడి కోయడంలో లాభం పోతుంది. కార్బైడ్ అవసరం కూడా చాలావరకు పోతుంది. ఈ ఒక్క ఉపయోగం కోసమైనా ప్రభుత్వం దీని మీద ఖర్చు పెట్టొచ్చు.

కాకపోతే శిక్ష ఎవరికి పడుతుందో కూడా చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలా తోటలు పూత మీదో, పిందె మీదో గుత్తకు పోతాయి. అప్పటి నుంచి కాపలా, మందు, కోత అన్నీ గుత్తదారువే. వడ్డీకి డబ్బు తెచ్చి గుత్త కట్టిన చిన్న వ్యాపారి, గాలివాన రాకముందే సొమ్ము చేసుకోవాలని ఆత్రపడతాడు. ఆయన్ను దొంగ అనడం తేలిక. ఏప్రిల్‌లో ఒక్క రాత్రి ఈదురుగాలికి సగం కాయ రాలిపోతే ఆయన్ను ఆదుకునేది ఎవరన్న దానికి సమాధానం లేదు. గీత గీసే ముందు ఈ భయానికి కూడా ఏదో ఒక దారి చూపాలి.

అంకె ఉంటే న్యాయం వస్తుందా?

కొలత వస్తే రైతుకు మంచి ధర వస్తుందని అధికారుల ప్రసంగాల్లో వినిపిస్తుంది. రైతులకు కొలతలతో ఉన్న అనుభవం వేరే. పత్తి తీసుకోండి. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటేనే ఆ ధర. పైన ఒక్కో శాతానికి 81 రూపాయల చొప్పున కోత. 12 శాతం దాటితే కొనరు, బండి వెనక్కి. తుపాను వానలో తడిసిన పత్తితో వచ్చిన రైతుకు తేమ మీటరు అంటే కొలత కాదు, కోత.  

హిమాచల్ ఆపిల్ రైతుల కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ ప్రైవేటు శీతల గోదాములు పండు ఎన్ని శాతం ఎర్రబడింది అన్న లెక్కన కొంటాయి. 80 శాతం పైన ఒక ధర, 60 నుంచి 80 మధ్య ఒక ధర, దానికన్నా తక్కువైతే ఇంకో ధర. గీతలు స్పష్టంగానే ఉన్నాయి. ఆ గీతల పక్కన ఏ ధర రాయాలన్నది మాత్రం కొనేవాడే నిర్ణయిస్తాడు. రైతుల గొడవంతా ఆ ధర మీదే.

దీనికి భిన్నంగా నడిచింది పాలు. తెలుగు పల్లెల్లో పాల కేంద్రానికి వెళ్లే ఆడవాళ్లకు వెన్న శాతం అంటే ఏంటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. క్యాన్ పోసిన వెంటనే చీటీ వస్తుంది. వెన్న ఇంత, ఎస్ఎన్ఎఫ్ ఇంత, లీటరుకు ఇంత. ఇవాళ తగ్గితే ఎందుకు తగ్గిందో గేదె మేత మార్చి చూస్తారు. అనుమానం వస్తే పక్క కేంద్రంలో పోసి చూస్తారు. అక్కడా మోసాలు లేవని కాదు. కానీ అంకె రైతు చేతికి చీటీగా వస్తుంది, వెన్న పెరిగితే ధర పెరుగుతుంది. అందుకే ఆ మీటరును జనం ఒప్పుకున్నారు.

జపాన్‌లో పండ్ల యంత్రాలు నిలబడటానికి కారణం కూడా ఇలాంటిదే. అక్కడ సార్టింగ్ కేంద్రాలు ఎక్కువగా రైతుల సహకార సంఘాలవి. ఏ రైతు పండ్లలో తీపి ఎంత వచ్చిందో ఆ వివరాలు తిరిగి ఆ రైతుకే చేరతాయి. ఏ చెట్లకు నీరు తగ్గించాలో, కొమ్మ ఎక్కడ కత్తిరించాలో వచ్చే ఏడాదికి ఆయన సరిచూసుకుంటాడు. యంత్రం రైతుకు మేస్త్రీ అయింది.

మన దగ్గర ఎలా ఉండబోతోంది? గడ్డిఅన్నారం నుంచి తరలించిన పండ్ల మార్కెట్ ఇప్పుడు విజయవాడ హైవే మీద బాటసింగారంలో నడుస్తోంది. మామిడి సీజన్‌లో అక్కడ వేలం వేగం చూసినవాళ్లకు తెలుసు. కుప్ప చుట్టూ నలుగురు నిలబడతారు, పై కాయ ఒకటి ఎత్తి చూస్తారు, ధర తేలిపోతుంది. తరుగు కింద ఎన్ని కిలోలు పోయాయో, కమీషన్ చట్టం ప్రకారమే పడిందో లేదో చీటీ చేతికొచ్చాక గానీ తెలియదన్నది రైతుల పాత ఫిర్యాదు. ఇలాంటి చోటికి ఒక కొనుగోలుదారుడు తన సొంత మీటరుతో వస్తే ఏం జరుగుతుంది? కాయను చదువుతాడు, అంకె తనలో పెట్టుకుంటాడు, తియ్యటి కుప్పను మామూలు ధరకే కొంటాడు. చప్పటి కుప్ప దగ్గర మాత్రం మీటరు రైతుకు తిప్పి చూపిస్తాడు. రెండు చోట్లా యంత్రం నిజమే చెప్పింది. నష్టపోయింది మాత్రం ఒక్కరే.

తూకం కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. లేకపోతే రైతు అడగొచ్చు. తీపి కొలిచే మీటరు ధరను మార్చేదే అయితే దానికీ అలాంటి తనిఖీ, అలాంటి ముద్ర కావాలి. మార్కెట్ కమిటీ సొంతంగా మీటరు పెట్టి, వేలానికి ముందే కుప్ప మీద అంకె రాసి పెట్టాలి. 2016లో మొదలైన ఈ-నామ్‌కు కూడా ఇదే కావాలి. సరుకు చూడకుండా ఢిల్లీలో కూర్చుని జగిత్యాల మామిడి కొనేవాడికి నమ్మకమైన అంకె లేకపోతే ఆన్‌లైన్ వేలం కాగితాల మీదే ఉంటుంది.

వెలుతురు తీర్చలేనివి

ఈ యంత్రం మీద ఆశ ఎక్కడ ఆపుకోవాలో కూడా చెప్పుకోవాలి. టెంకలో దూరిన పురుగు దీనికి కనపడదు, కాంతి అంత లోతుకు పోదు. దానికి ఎక్స్‌రే కావాలి. పెద్ద సార్టింగ్ లైను వరుసకు సెకనుకు పది పండ్ల దాకా చూడగలదు గానీ, దాని ధర కోట్లలోకి పోతుంది, సీజన్ మూడు నెలలే. మిగతా కాలం బత్తాయి, జామ, దానిమ్మ కూడా దాని మీద నడిస్తేనే అప్పు తీరుతుంది. కాయలు ఏరే పనిలో ఉన్న కూలీల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎంతమందికి యంత్రం పక్కన చోటు దొరుకుతుందన్నది ఎవరూ లెక్కేయలేదు.

గిట్టుబాటు ధరకు కూడా ఇది మందు కాదు. 2025లో చిత్తూరు తోతాపురి రైతుకు ఏమైందో అందరూ చూశారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని రాష్ట్రం ప్రకటించాల్సి వచ్చింది. తర్వాత కేంద్రం 1.62 లక్షల టన్నులకు క్వింటాలుకు 1,490.73 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం పథకం ఒప్పుకుంది. ఆ క్యూలో నిలబడ్డ రైతుకు తన కాయలో తీపి ఎంతో తెలిసినా ఒక్క రూపాయి పెరిగేది కాదు. గోదాముల్లో పాత గుజ్జు నిండి ఉన్నప్పుడు కొత్త కాయ ఎంత తియ్యగా ఉంటే ఏంటి? మహా అయితే తోటలోనే ఏ బ్లాకు ముందు ముదిరిందో తెలిసి, కోతను వారం వారం పంచుకుని ఉంటే ఆ బారు కొంత చిన్నదయ్యేది.

తోపుడు బండి సంగతి చివరికి మిగులుతుంది. తియ్యటి కాయలన్నీ యంత్రం ఏరి సూపర్ మార్కెట్లకు, ఎగుమతికి పంపిస్తే బండి మీదికి వచ్చేది ఏంటి? ఇప్పటిదాకా కలగలుపు కుప్ప కొనే బండివాలాకు పదింటిలో ఏడెనిమిది మంచివి పడేవి. రేపు అతనికి మీటరు తోసేసినవే దక్కితే, "చక్కెర అక్కా" అన్న మాటకు విలువ ఉండదు. పేద బస్తీల్లో పిల్లలు తినే మామిడి ఆ బండి మీదిదే. అదే సమయంలో మార్కెట్ గేటు దగ్గరే లేత కాయను ఆపే గీత ఉంటే, బండి మీదికి వచ్చే కాయ కూడా కనీసం ముదిరినదై ఉంటుంది. ఒకే మీటరు, ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి రెండు రకాల హైదరాబాద్‌లు.

బాటసింగారం తాత్కాలికమే, శాశ్వత మార్కెట్ కోహెడలో కడతామని ప్రభుత్వాలు చెబుతూ వస్తున్నాయి. రైపెనింగ్ చాంబర్లు, కోల్డ్ స్టోరేజీ, గ్రేడింగ్ షెడ్లు అన్నీ అక్కడ వస్తాయని రైతులు ఎదురు చూస్తున్నారు. ఆస్ట్రేలియా అనుభవాన్ని బట్టి మన రకాలకు మీటరు నేర్పడానికి కనీసం నాలుగు సీజన్లు పడుతుంది. గోడలు లేచేదాకా ఆగక్కర్లేని పని అది. సంగారెడ్డి, నూజివీడు కేంద్రాలకు పది మీటర్లు, ఒక ఓవెన్, కాయలు కోసి రాసుకునే నలుగురు మనుషులు దొరికితే వచ్చే పూత నుంచే మొదలుపెట్టొచ్చు.